బదులు పుస్తకం

మొన్న దసరా సెలవులకి మా మరిది కొడుకు అరకు వచ్చాడు. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. కిరండూల్ రైలు దిగి ఇంటికొచ్చాడో లేదో, కాళ్ళు కూడా కడుక్కోకుండా వసారాలో కూర్చుని ఫోన్ తీశాడు.

"పెద్దమ్మా, ఇటు రా, నీకొకటి చూపిస్తాను" అన్నాడు.

పొయ్యి మీద పాలున్నాయి. దించి వెళ్ళాను. వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ కలిసి కాలేజీ ప్రాజెక్టు కోసం ఒక యాప్ చేస్తున్నారట. ఊరికోసం ఎవరైనా ఏదైనా పని చేస్తే, అంటే ఊటబావి శుభ్రం చేసినా, గెడ్డ దాటే దారి బాగుచేసినా, ముసలివాళ్ళకి మందులు తెచ్చిపెట్టినా, పిల్లలకి చదువు చెప్పినా, వాళ్ళ ఫోన్లోకి నాణేలు వస్తాయి. నిజం రూపాయలు కావు, ఆ ఊరి నాణేలు. వాటితో మళ్ళీ ఇంకొకరి సాయం తీసుకోవచ్చు. ఒప్పుకున్న కొట్లో సామాను కొంచెం తక్కువ ధరకి కొనుక్కోవచ్చు. ఎవరికి ఎన్ని నాణేలున్నాయో ఊరందరికీ కనిపిస్తుంది.

"దీన్ని మీ అరకులోనే మొదలుపెడదామని ఉంది పెద్దమ్మా. గిరిజనులకి డబ్బు తక్కువ, పనితనం ఎక్కువ కదా" అన్నాడు.

వాడి ముఖంలో వెలుగు చూస్తే ముద్దొచ్చింది. కానీ ఆ చివరి మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో ఆ రాత్రి పడుకున్నాక గానీ తెలియలేదు. ఈ వ్యాసం ఆ రాత్రి ఆలోచనే అనుకోండి.

ముందు వాడి తరఫున మాట్లాడతాను. ఎందుకంటే మొదట విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. మనం చేసే పనికి లెక్క లేదన్న బాధ మనకంటే ఎవరికి బాగా తెలుసు చెప్పండి? 2024లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఒక సర్వే చేసింది, జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారని. జీతం రాని ఇంటిపనులకి ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారట. అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. అంటే మనం దాదాపు అయిదు గంటలు, వాళ్ళు గంటన్నర. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకునే సమయం ఇందులో లేదు, దాని లెక్క వేరు.

ఇంట్లోనే కాదు, వీధిలోనూ అంతే. మా వీధిలో వినాయక చవితికి రెండు వందలమందికి భోజనాలు పెడతారు. తెల్లవారుజామున లేచి కూరగాయలు తరిగేది ఆడవాళ్ళమే. గుండిగలు తోమేది ఆడవాళ్ళమే. సాయంత్రం మైకులో దాతల పేర్లు చదువుతారు. అయిదు వందలిచ్చిన ఆయన పేరు వినిపిస్తుంది. ఎనిమిది గంటలు పొగలో నిలబడ్డ ఆవిడ పేరు వినిపించదు. కాబట్టి పిల్లలు ఎవరో వచ్చి "చేసిన పనికి లెక్క రాద్దాం" అంటే నేను వద్దని ఎలా అంటాను?

అయితే లెక్క అనేది ఎంత తిరకాసు వస్తువో నాకు ఆరేళ్ళ కిందట ఒకావిడ నేర్పింది. ఆ సంగతి చెప్పాలి.

అప్పుడు నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మూడు నెలలు బరువులెత్తవద్దన్నారు. ఆయనకి బడి. మా అమ్మాయి అప్పటికి ఆరో తరగతి. అమ్మ బొబ్బిలిలో నాన్నగారిని వదిలి రాలేని పరిస్థితి. ఏం చేయాలా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, మా వీధి వెనక ఊరినుంచి ఒకావిడ వచ్చింది. కొండదొరల ఆడపడుచు. వారానికోసారి నాకు ఆకుకూరలూ, సీజన్లో రాజ్మా గింజలూ తెచ్చి అమ్మే మనిషి, అంతకంటే పరిచయం లేదు. "మేడమ్, నీళ్ళు నేను పడతాను, మీరు పడుకోండి" అని బిందె తీసుకుని వెళ్ళిపోయింది. తరవాత నలభై రోజులు రోజూ వచ్చింది. ఊడ్చింది, తోమింది, చోడి అంబలి కాచి పోసింది. పాపకి జడ వేసింది.

నేను లేచి తిరగడం మొదలుపెట్టాక, ఒక పళ్ళెంలో జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ, ఒక కవర్లో మూడువేల రూపాయలు పెట్టి ఇచ్చాను. తక్కువ ఇచ్చానేమోనని భయపడుతూనే ఇచ్చాను. ఆవిడ కవరు విప్పి చూసి, దాన్ని మెట్టు మీద పెట్టేసింది. జాకెట్టు గుడ్డ తీసుకుంది. "నేను కూలికి వచ్చానా మేడమ్?" అంది. అంతే. కోపంగా కూడా అనలేదు. రెండు నెలలు మా గుమ్మం తొక్కలేదు. ఆకుకూరలు కూడా వేరే ఇంటికి అమ్ముకుంది.

నేనేం తప్పు చేశానో నాకు అర్థం కాలేదు. ఊరికే చేయించుకుంటే తప్పు, డబ్బిస్తే తప్పు, మరి ఏం చేయాలి?

ఆ జవాబు ఆవిడే తెచ్చింది. వానలు తగ్గే రోజుల్లో ఒకనాడు తన పెద్ద కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల పదో తరగతి. అన్ని సబ్జెక్టులూ పర్వాలేదు, తెలుగు పోతోంది. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది ఆదివాసీ ఒడియా. బడిలో తెలుగు వాచకం, అందులో పద్యాలు, ఛందస్సు. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది పాపం! "మీరు తెలుగు బీఏ చదివారంట కదా" అంది తల్లి.

నా బీఏ గురించి అడిగిన మనిషి పెళ్ళయ్యాక ఆవిడే మొదలు!

మార్చి దాకా రోజూ సాయంత్రం ఒక గంట ఆ పిల్లకి చెప్పాను. పాసయింది. ఫలితాలొచ్చిన మర్నాడు ఆవిడ ఒక పెద్ద పనసకాయ మోసుకొచ్చి వసారాలో దింపి, "అక్కా, కత్తి పట్టుకురా" అంది. మేడమ్ పోయి అక్క వచ్చింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడకి ఊరికే చేయాలనీ లేదు, అమ్ముకోవాలనీ లేదు. రేపు అవసరమొస్తే నా గుమ్మంలోకి తలెత్తుకుని రాగలగాలి, అంతే. నేను మూడువేలిచ్చి ఆ దారి మూసేశాను.

మా బొబ్బిలి వైపు దీన్ని బదులు అంటారు. ఊడుపులప్పుడు ఈరోజు నలుగురూ మీ పొలంలో, రేపు అదే నలుగురూ మా పొలంలో. ఈ కొండల్లో పోడు కొట్టడానికీ, ఇల్లు కప్పడానికీ, కాఫీ పళ్ళు కోయడానికీ ఇప్పటికీ ఇదే పద్ధతి చాలా ఊళ్ళలో ఉంది. చేబదులు అంటే వడ్డీ లేని అప్పు. బదులు పలకడం అంటే పిలిస్తే జవాబివ్వడం. ఒకే మాటలో అప్పూ, జవాబూ రెండూ ఉన్నాయి చూడండి.

ఇంతవరకూ చదివి "అయితే యాప్ అక్కర్లేదు, పాత పద్ధతే బంగారం" అంటానని అనుకుంటున్నారా? అనను. పాత పద్ధతిలో నేను కళ్ళారా చూసిన అన్యాయం ఉంది.

బదులు పనికి ఇంట్లో చేతులుండాలి. ఇద్దరు ఎదిగిన కొడుకులున్న ఇల్లు నలుగురిని పిలవగలదు, మళ్ళీ ఇద్దరిని పంపగలదు. అదే వెనక ఊళ్ళో ఒకమ్మాయి ఉంది, ముప్పయ్యేళ్ళు నిండకుండానే భర్త పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె ఎవరి పొలానికీ వెళ్ళలేదు, పిల్లల్ని ఎక్కడ వదిలి వెళ్తుంది? కాబట్టి ఆమె పొలానికి ఎవరూ రారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, లెక్క అలా ఉంది అంతే. మరి అదే అమ్మాయి దగ్గర, కాఫీ కోతలకి వెళ్ళే తల్లులు తమ పిల్లల్ని పొద్దున్నించి సాయంత్రం దాకా వదిలి వెళ్తారు. "ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా" అంటారు. ఆ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదూ? పొలంలో వంగితే పని, ఇంట్లో పిల్లల్ని చూస్తే పని కాదు. కొండ మీదా అంతే, కింద మైదానంలోనూ అంతే.

ఇక్కడే నాకు ఒక జపాన్ గృహిణి కథ గుర్తొస్తుంది. ఆవిడ పేరు తెరుకో మిజుషిమా. ఒసాకాలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో తిండికి కటకటగా ఉన్న రోజుల్లో, తనకొచ్చిన కుట్టుపని చేసిపెట్టి బదులుగా తాజా కూరగాయలు తెచ్చుకునేది. 1950లో ఒక వ్యాసరచన పోటీకి తన ఆలోచన రాసి పంపి బహుమతి తెచ్చుకుంది. డబ్బు విలువ పడిపోతుందేమో గానీ మనిషి చేతిలోని గంట విలువ పడిపోదు, ఆడవాళ్ళు తమ గంటల్ని ఒకరి దగ్గరొకరు దాచుకోవచ్చు కదా అన్నది ఆ ఆలోచన సారం. 1973లో ఆవిడే స్వచ్ఛంద శ్రమ బ్యాంకు పెట్టింది. చేరినవాళ్ళు ఎక్కువగా గృహిణులే. పిల్లలు పెద్దయ్యాక తీరిక దొరికినప్పుడు ఇతరులకి గంటలు చేసిపెట్టి, తమకి వయసు మీదపడ్డాక ఆ గంటలు వాడుకోవడం. తరవాత 1980లలో అమెరికాలో ఎడ్గర్ కాన్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకుడు ఇలాంటి ఆలోచనతోనే టైమ్ డాలర్లు మొదలుపెట్టాడు. అక్కడి సూత్రం ఒక్కటే, ఎవరి గంటైనా గంటే. వకీలు గంటా, వంటమనిషి గంటా ఒకటే. లోకమంతా టైమ్ బ్యాంకు అంటే ఆయన పేరు చెబుతారు. కానీ ఆయనకంటే ముందే ఒక ఇంటి ఇల్లాలు ఆ పని చేసి చూపించింది. మన దేశంలో మధ్యప్రదేశ్ ప్రభుత్వపు ఆనంద శాఖ కూడా 2019లో టైమ్ బ్యాంకు ఆలోచన ముందుకు తెచ్చింది.

జపాన్‌లోనే ఫురేఆయ్ కిప్పు అని ఇంకో పద్ధతి వచ్చింది. వేరే ఊళ్ళో ఉన్న కొడుకో కూతురో, తానున్నచోట ఒక ముసలావిడకి సాయం చేసి, ఆ గంటల్ని సొంత ఊళ్ళో ఒంటరిగా ఉన్న తన తల్లి పేరుకి పంపవచ్చు. అక్కడ ఇంకెవరో వచ్చి ఆ తల్లిని చూసుకుంటారు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. నాన్నగారు పోయాక బొబ్బిలిలో మా అమ్మ ఒక్కతే ఉంటోంది. నేను ఇక్కడ అరకులో పక్కింటి పెద్దావిడకి బీపీ మాత్రలు తెచ్చిపెడుతుంటాను. నా గంట కొండ దిగి బొబ్బిలి వెళ్ళి మా అమ్మ పక్కన కూర్చోగలిగితే! అందుకే చెబుతున్నాను, ఈ ఆలోచన మీద నాకు చిన్నచూపు లేదు. ఆశే ఉంది.

మరి మావాడి మాట ఎందుకు గుచ్చుకుంది?

ఈ కొండల్లో గిరిజనుల పనికి ఇంకొకరు లెక్క రాయడం కొత్త కాదు. ఆ పుస్తకం ఎప్పుడూ వాళ్ళ చేతిలో లేదు, అదీ సంగతి. పాతకాలంలో విశాఖ ఏజెన్సీలో గొత్తి అని ఒక పద్ధతి ఉండేది. పెళ్ళికో చావుకో షావుకారు దగ్గర కొద్ది డబ్బు తీసుకుంటే, అది తీరేదాకా మనిషి వాళ్ళింట్లో పనిచేయాలి. లెక్క షావుకారుది, కాబట్టి అది తీరేది కాదు. తండ్రి పోతే కొడుకు. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో ఈ అప్పు వెట్టిని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తేవలసి వచ్చింది.

ఇక వెట్టి. నర్సీపట్నం నుంచి కొండమీదికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం కదలడానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. ఇప్పుడు మన జిల్లా పేరే ఆయనది, 2022 నుంచి. ఆ రోడ్డు కూడా చెప్పుకోవడానికి ఊరి మేలు కోసమే కదా! అదే మనుషులు తమకి తాము అనుకుంటే ఎలా చేస్తారో కూడా చూశాం. 2020లో సాలూరు మండలం కొదమ పంచాయతీ చింతామలలో గిరిజనులు ఎవరూ చెప్పకుండా తామే డబ్బులు వేసుకుని కొండమీద దారి వేసుకున్నారు. రెండూ రోడ్లే, రెండూ చెమటే. మొదటిదానికి వెట్టి అని పేరు, రెండోదానికి సాయం అని పేరు. ఎవరు అడిగారు, లెక్క ఎవరి దగ్గరుంది, అక్కడే తేడా.

మా నాణేల యాప్ రేపు ఎవరి చేతికి వెళ్తుంది? పిల్లలు మంచివాళ్ళే. ప్రాజెక్టు అయిపోయి ఉద్యోగాలకి వెళ్ళిపోతారు. తరవాత ఏ కంపెనీయో, ఏ ఆఫీసో తీసుకుంటుంది. "ఎక్కువ నాణేలున్న ఊరికే ముందు పథకం" అని ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, సాయం కాస్తా హాజరు పట్టీ అయిపోతుంది. మన రాష్ట్రంలో వలంటీర్ అనే మాటకి ఏమైందో గుర్తు చేసుకోండి. 2019 ఆగస్టు 15 నుంచి నెలకి 5000 రూపాయల గౌరవ వేతనంతో గ్రామ వలంటీర్లను పెట్టారు. వాళ్ళు పని చేయలేదని నేననను, మా ఇంటికి కూడా వచ్చి పని చేసిపెట్టారు. కానీ ఇప్పుడు మా వీధిలో పిల్లల్ని "వలంటీరుగా రండి" అని పిలిస్తే "ఎంతిస్తారు ఆంటీ" అని అడుగుతున్నారు. వాళ్ళ తప్పు కాదు, ఆ మాటకి వాళ్ళు నేర్చుకున్న అర్థం అది.

ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్ళో ఒక పరిశోధన జరిగింది, 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని కొన్ని శిశుసంరక్షణ కేంద్రాల్లో జరిమానా పెట్టారు. ఆలస్యం తగ్గాలి కదా? దాదాపు రెట్టింపయింది. అంతకుముందు "అయ్యో, టీచరమ్మ ఎదురుచూస్తుంటుంది" అని పరిగెత్తేవాళ్ళు. జరిమానా వచ్చాక "డబ్బు కడుతున్నాం కదా" అనుకున్నారు. జరిమానా తీసేశాక కూడా ఆలస్యాలు మళ్ళీ తగ్గలేదట. నా మూడువేల కవరు కథే కదా ఇది! ఒకసారి ధర కట్టాక ఆ పని పాత చోటుకి తిరిగి వెళ్ళదు.

ఇంకో చిక్కు, ఫోన్. మావాడు గూగుల్ మ్యాప్ చూసి అరకు అన్నాడు గానీ, అరకు టౌను దాటి లోపలికి వెళ్తే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఉపాధి హామీ పనికి ఫోన్లో ఫొటో తీసి హాజరు వేసే పద్ధతి వచ్చాక, నెట్ లేని రోజు పని చేసినా హాజరు పడదేమోనని ఎంతమంది దిగులు పడ్డారో చూశాను. పసుపూ అల్లమూ తవ్వి తవ్వి అరిగిపోయిన వేళ్ళకి వేలిముద్ర పడదు. ఇంట్లో ఒక్క ఫోనుంటే అది మగవాళ్ళ జేబులో ఉంటుంది. అప్పుడు ఆడమనిషి పడిన కష్టం తాలూకు నాణెం ఎవరి జేబులోకి వెళ్తుందో చెప్పక్కర్లేదు.

ఇవన్నీ మర్నాడు కాఫీ తాగుతూ మావాడికి చెప్పాను. పాపం, వాడి ముఖం చిన్నబోయింది. అయితే వాడూ ఊరుకోలేదు. "పెద్దమ్మా, కెన్యాలో అయింది కదా, ఇక్కడ ఎందుకు కాదు?" అన్నాడు. ఆ కథ వాడే చెప్పాడు. మొంబాసా దగ్గర బంగ్లాదేశ్ అనే పేరున్న మురికివాడ ఉంది. అక్కడ చిన్న చిన్న కొట్లవాళ్ళు 2013లో బంగ్లా పేసా అనే కాగితాలు పెట్టుకున్నారు. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో వాటితో ఒకరి దగ్గరొకరు కొనుక్కునేవాళ్ళు. దొంగ డబ్బనుకుని ప్రభుత్వం కొంతమందిని అరెస్టు చేసింది, తరవాత కేసు కొట్టేశారు. అదే మెల్లిగా పెరిగి సరాఫు అనే డిజిటల్ పద్ధతి అయింది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు. కరోనా రోజుల్లో చాలామంది వాడుకున్నారు.

సరాఫు అనగానే నాకు నవ్వొచ్చింది. మన షరాబు, వాళ్ళ సరాఫు, రెండూ ఒక అరబ్బీ మాట పిల్లలే! ఇంకా బాగున్న సంగతేమిటంటే, ఆ కెన్యా తీరంలో మిజికెండ ప్రజలకి మ్వేరియా అనే పాత అలవాటు ఉందట. అందరూ కలిసి ఈసారి ఒకరి పొలం, వచ్చేసారి ఇంకొకరి పొలం. అచ్చంగా మన బదులే. సరాఫు నడిపినవాళ్ళు కూడా చివరికి ఆ పాత అలవాటు దగ్గరికే వెళ్ళి, దానికి లెక్క ఎలా తోడు చేయాలా అని చూస్తున్నారు.

"అయితే నువ్వూ అక్కణ్ణించే మొదలుపెట్టు నాన్నా" అన్నాను. "యాప్ చివర్న. ముందు వీళ్ళు ఇప్పటికే ఏం చేస్తున్నారో, అందులో ఎవరు మిగిలిపోతున్నారో చూడు. డబ్బు తక్కువ, పనితనం ఎక్కువ అన్నావే, ఆ మాటే గొత్తికి అప్పిచ్చిన షావుకారు కూడా అని ఉంటాడు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత "సరే, నువ్వైతే ఎలా చేస్తావు?" అన్నాడు. అలా మొదలైంది మా బదులు పుస్తకం. మా వీధి ఆడవాళ్ళూ, వెనక ఊరి ఆడవాళ్ళూ కలిపి తొమ్మిదిమందిమి. మూడు నెలలయింది.

షరతులు మేమే పెట్టుకున్నాం. ఎవరి గంటైనా గంటే. పిల్లల్ని చూసినా, కాఫీ పళ్ళు కోసినా, ఆధార్ పనికి పాడేరు తోడు వెళ్ళినా, తెలుగు చెప్పినా ఒక్కటే. గంటని రూపాయల్లోకి మార్చకూడదు. పుస్తకం నెలకొకరి ఇంట్లో ఉంటుంది, నా ఇంట్లోనే ఉండకూడదు. పౌర్ణమి నాడు కూర్చుని అందరి ముందూ చదవాలి. పురుడు, చావు, జబ్బు మనిషిని డోలీలో మోయడం, వీటికి లెక్క రాయకూడదు. ఈ మాట వెనక ఊరివాళ్ళే చెప్పారు, "డోలీకి కూడా లెక్క రాస్తే మనం మనుషులం కాదక్కా" అన్నారు. అన్నిటికంటే ముఖ్యమైంది, సంక్రాంతికి పుస్తకం కొట్టేయాలి. ఎవరు ఎవరికి ఎన్ని గంటలు బాకీ ఉన్నా భోగిమంటలో వేసి, కొత్త పుస్తకం తెరవాలి. ఏ బాకీ కూడా ఏడాది దాటకూడదు, పిల్లల మీద పడకూడదు. గొత్తి కథ విన్నాక పెట్టుకున్న షరతు ఇది.

రాయడం రానివాళ్ళు నలుగురున్నారు. వాళ్ళకోసం చింతపిక్కలు పెట్టాం. గంటకి ఒక చింతపిక్క. ఎవరి డబ్బా వారిది. మావాడు ఫోన్లో చూసి పకపకా నవ్వాడు, "పెద్దమ్మా, ఇది నా నాణెమే కదా! సర్వర్ డౌన్ అవదు, అంతే తేడా" అని.

అంతా సవ్యంగా నడుస్తోందని చెప్పను. రెండో నెలలోనే గొడవైంది. "ట్యూషన్ చెప్పే గంటా, పిల్లాణ్ణి ఆడించే గంటా ఒకటెలా అవుతుంది?" అని మా వీధిలోంచి ఒకావిడ మానేసింది. ఆవిడ మాటలోనూ నిజం లేకపోలేదు, చదువుకి కష్టపడింది కదా. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంకొకావిడ ఎప్పుడూ తీసుకోవడమే గానీ ఇవ్వడం లేదని గుసగుసలు. పౌర్ణమి నాడు పుస్తకం చదివితే తేలింది, ఆవిడ ఇచ్చినవి ఎవరూ రాయలేదు! అందరి ఇళ్ళకీ విత్తనాలు దాచిపెట్టి ఇచ్చేది ఆవిడే. అది పని అని ఎవరికీ తోచలేదు.

కానీ ఒకటి జరిగింది. పిల్లల్ని చూసుకునే ఆ అమ్మాయి డబ్బాలో మొదటి నెలకే అందరికంటే ఎక్కువ చింతపిక్కలు పోగయ్యాయి. ఆమె వాటిని ఎంచుకుంటూ కూర్చోవడం చూశాను. మర్నెల ఆమె కాఫీ తోటలోకి ఆరుగురు వెళ్ళారు, రెండు రోజుల్లో కోత అయిపోయింది. ఎవరూ దయతో వెళ్ళలేదు, ఆమె పిలిచింది కాబట్టి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. నడుం పట్టేసి నాలుగు రోజులు అమృతాంజనం రాసుకున్నాను, అది వేరే విషయం.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. పనికి లెక్క ఉండాలి. లెక్క లేకపోతే నలిగిపోయేది ఎప్పుడూ ఆడవాళ్ళే, అందులోనూ పేదవాళ్ళే. కానీ ఆ పుస్తకం పని చేసేవాళ్ళ చేతిలో ఉండాలి, వాళ్ళకి చదవగలిగేలా ఉండాలి, చింపేయగలిగేలా కూడా ఉండాలి. ఫోన్లోనా, నోటు పుస్తకంలోనా, చింతపిక్కల్లోనా అన్నది తరవాతి సంగతి. పైనుంచి దిగే నాణెం ఎంత మెరిసినా సరే, దాన్ని ఆపేసే అధికారం మనకి లేకపోతే అది మన నాణెం కాదు.

మావాడు మళ్ళీ సంక్రాంతికి వస్తానన్నాడు. ఈసారి యాప్ చూపించడానికి కాదట, భోగిమంటలో పుస్తకం వేసేటప్పుడు ఉండాలట. ఆ లోపు బొబ్బిలిలో అమ్మావాళ్ళ వీధిలో కూడా ఇలాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టించగలనా అని చూస్తున్నాను. నిన్న ఫోన్ చేసి అమ్మకి విషయమంతా చెబితే, "నేనేం చేసిపెట్టగలనే ఈ వయసులో" అంది. ఆవకాయ పెట్టడం ఎవరికైనా నేర్పలేవా అన్నాను. కాసేపు ఆగి, "గంట సరిపోదే దానికి" అంది.

మీ వీధిలో పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో ఎవరి పేరు రాయాలో ఒక్కసారి ఆలోచించి చెప్పండి. మీ పేరు మాత్రం మర్చిపోకండి.